ట్యూబులో గర్భం: ఇంజెక్షన్‌తో బయటపడిన నా అనుభవం

కిట్ మీద రెండు గీతలు వచ్చాయంటే గర్భం వచ్చిందని అర్థం, అంతవరకే. అది ఎక్కడ నిలిచిందో కిట్ చెప్పదు. ఈ సంగతి నాకు పోయిన ఏడాది ఎండాకాలంలో, ఏలూరుకీ విజయవాడకీ మధ్య తిరుగుతూ తెలిసింది. నాకు వచ్చింది ట్యూబ్ ప్రెగ్నెన్సీ, అంటే గర్భం గర్భసంచిలో కాకుండా అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబులోనే నిలిచిపోవడం, డాక్టర్లు ఎక్టోపిక్ అంటారు. ఆపరేషన్ దాకా వెళ్లకుండా ఇంజెక్షన్‌తో తగ్గింది. అప్పట్లో తెలిసినవాళ్లలో ఎవరిని అడిగినా అబార్షన్ల గురించి చెప్పారు కానీ దీని గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఏ పరీక్ష ఎందుకు చేశారో, ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో అంతా రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది.

పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం కాబట్టి డాక్టర్ చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ముందు నుంచే వేసుకుంటున్నాను. నెల తప్పింది, టెస్ట్ చేస్తే పాజిటివ్, ఇంట్లో అందరికీ సంతోషం. అత్తయ్య గారు భీమవరం నుంచి రోజూ ఫోన్ చేసి బరువులు ఎత్తకు, బొప్పాయి ముట్టుకోకు, బస్సెక్కకు అని జాగ్రత్తలు చెప్పేవారు. కొన్నాళ్లకి బ్రౌన్ కలర్‌లో కొద్దికొద్దిగా మరక కనబడటం మొదలైంది. పీరియడ్‌లా ఎర్రగా, ఎక్కువగా కాదు, ఆగుతుంది, మళ్లీ కనబడుతుంది. దాంతోపాటు కుడివైపు పొత్తికడుపులో ఒకే చోట నొప్పి, భరించలేనంత కాదు గానీ చెయ్యి పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించగలిగేట్టు ఉండేది. మొదటి నెలల్లో కొందరికి మరక కనబడుతుందని అమ్మ అంది, అది నిజమే కూడా, చాలామందికి అలా కనబడి మామూలుగానే పిల్లలు పుడతారు. కానీ ఆ ఒకవైపు నొప్పి నాకు నచ్చలేదు, మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ మొదట చూసినవి బీపీ, పల్స్. తర్వాత స్కానింగ్. ఇంత తొందరగా పైనుంచి చేసే స్కాన్‌లో సరిగ్గా తెలియదని లోపలి నుంచి చేసే స్కాన్, టీవీఎస్ అంటారు, అది చేశారు. గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, కానీ శాక్, అంటే గర్భం ఉండే తిత్తి, లేదు. పక్కన కూడా ఏమీ స్పష్టంగా కనబడలేదు. రిపోర్టులో "ప్రెగ్నెన్సీ ఆఫ్ అన్‌నోన్ లొకేషన్" అని రాశారు. నాకు గుండె జారిపోయింది. మేడమ్ నిదానంగా చెప్పారు: "ఇది జబ్బు పేరు కాదమ్మా, గర్భం ఎక్కడుందో ఇప్పటికి తెలియలేదు అని రాసుకోవడం, అంతే. మూడు రకాలుగా ఉండొచ్చు. తేదీలు కొంచెం అటూ ఇటూ అయ్యి ఇంకా కనబడే టైమ్ రాకపోయి ఉండొచ్చు, నిలిచింది పోతూ ఉండొచ్చు, లేదా బయట ఎక్కడో ఉండొచ్చు. మూడోది కాదని తేలేదాకా నిన్ను వదలను."

ఆ రోజు రక్తం తీసి బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం వల్ల వచ్చే హార్మోన్ ఎంతుందో చూసే పరీక్ష, చేయించారు, 1180 వచ్చింది. దాంతోపాటు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు. గ్రూపు ఎందుకంటే నెగెటివ్ వాళ్లయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది. నాది బీ పాజిటివ్, ఆ అవసరం రాలేదు.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లకి ఓపిక నశించేది ఇక్కడే. ఒక్క నంబరు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. 48 గంటలు ఆగి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ల్యాబ్ మారితే మెషీన్ మారుతుంది, నంబరులో తేడా వస్తుంది. గర్భసంచిలో చక్కగా పెరుగుతున్న గర్భమైతే, మొదట్లో నాకున్నంత నంబరు దగ్గర, రెండు రోజుల్లో కనీసం సగానికి సగం పెరుగుతుంది, చాలామందికి అంతకంటే ఎక్కువే. గర్భం పోతుంటే గబగబా పడిపోతుంది. ఈ రెండూ కాకుండా నత్తనడక నడిచిందంటే ట్యూబులో ఉందేమో అని అనుమానించాలి. ట్యూబులో ఉన్నా నంబరు మామూలుగానే పెరిగేవాళ్లు కొందరు ఉంటారట, అందుకే నంబరొక్కటే చాలదు, స్కాన్ కూడా తోడుండాలి.

ఆ రెండు రోజులూ ఎలా ఉండాలో మేడమ్ చీటీ మీద రాసిచ్చారు. ఒంటరిగా ఉండకూడదు. ఉన్నట్టుండి కడుపులో విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, మోషన్‌కి వెళ్లాలన్నట్టు కింద ఒత్తిడి, పడుకున్నప్పుడు భుజం చివర నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఫోన్ కూడా చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. భుజం నొప్పికీ దీనికీ ఏమిటి సంబంధం అని అడిగితే చెప్పారు: ట్యూబు పగిలితే రక్తం కడుపులో చేరి పైకి పాకి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరానికి తగులుతుంది, డయాఫ్రమ్‌కి వెళ్లే నరం, భుజానికి వెళ్లే నరాలు మెడ దగ్గర ఒకేచోట మొదలవుతాయి, అందుకని మెదడు దాన్ని భుజం నొప్పి అనుకుంటుంది. ఇది తెలియక నొప్పికి ఆయింట్‌మెంట్ రాసుకుని కూర్చునేవాళ్లు ఉంటారట.

ఈ మధ్యలో మా బంధువుల్లో ఒకావిడ, మంచి మనసుతోనే, "ఎలాగూ నిలిచేలా లేదు, మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు దొరుకుతాయి కదా, వేసుకుంటే కడిగేసినట్టు పోతుంది" అని సలహా ఇచ్చింది. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. ఆ మాత్రలు గర్భసంచిలో ఉన్న గర్భానికి. ట్యూబులో ఉన్నదాన్ని అవి కదిలించలేవు. పైగా వేసుకున్నాక బ్లీడింగ్ అవుతుంది కాబట్టి పోయిందిలే అనుకుంటారు, లోపల అది పెరుగుతూనే ఉంటుంది, నొప్పి వచ్చినా మాత్రల వల్లే అని ఊరుకుంటారు. స్కాన్‌లో గర్భం ఎక్కడుందో చూడకుండా ఆ మాత్రలు ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

రెండో నంబరు 1465. పెరిగింది, కానీ పాతిక శాతం కూడా కాదు. మేడమ్ ఆ కాగితం చూసి వెంటనే విజయవాడ రాసిచ్చారు. ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, ఏ అర్ధరాత్రో ఆపరేషన్ చేయాల్సి వచ్చినా రక్తం, థియేటర్, మత్తు డాక్టరు అన్నీ ఒకేచోట ఉండాలని. అప్పటికప్పుడు బయల్దేరాం.

విజయవాడలో స్కాన్ చేసిన డాక్టర్ గారి పని నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. మొదట గర్భసంచి అంతా చూశారు, ఖాళీ. తర్వాత కుడివైపు అండాశయం దగ్గర ఆగిపోయారు. దాన్ని ఆనుకుని చిన్న గుండ్రటి గడ్డ. అండం విడుదలయ్యాక అండాశయంలోనే మిగిలే సిస్టు కూడా అచ్చం ఇలాగే కనబడుతుందట, చుట్టూ అలాగే రక్తప్రసరణ ఉంటుందట, కాబట్టి చూడగానే చెప్పేయకూడదు. ఆవిడ ఒక చేత్తో ప్రోబ్‌ని మెల్లగా నొక్కుతూ, రెండో చెయ్యి నా పొట్ట మీద పెట్టి కొద్దిగా తోస్తూ స్క్రీన్ వైపే చూస్తున్నారు. అండాశయం ఒకవైపు జారింది, ఆ గడ్డ ఇంకోవైపు జారింది. రెండూ కలిసి కదల్లేదు. "చూశారా, ఇది అండాశయంలోది కాదు, ట్యూబులోదే" అని స్క్రీన్ నా వైపు తిప్పారు. 2.1 సెంటీమీటర్లు. లోపల గుండె చప్పుడు లేదు. గర్భసంచి వెనక రక్తం చేరలేదు, అంటే పగల్లేదు. నొప్పి పుట్టినా ఆ కొద్ది నిమిషాల జాగ్రత్త వల్లే నాకు సరైన సమయంలో సరైన వైద్యం అందింది, ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

గైనకాలజిస్ట్ మేడమ్ ముందు కూర్చున్నాక మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, బహుశా అందరూ అడిగేదే: "దాన్ని గర్భసంచిలోకి మార్చలేరా మేడమ్?" కుదరదు. అలా మార్చి బతికించే పద్ధతి ఏదీ లేదు. ట్యూబు గోడ పలచన, అది సాగదు, లోపల పెరిగేకొద్దీ చీలిపోతుంది, అప్పుడు తల్లి ప్రాణానికే ముప్పు. ఇది వినడం చాలా కష్టం. నాకు ఆ గదిలోనే ఏడుపొచ్చింది, మేడమ్ మమ్మల్ని కాసేపు అలాగే వదిలేశారు, తొందర పెట్టలేదు.

తర్వాత దారులు చెప్పారు. నంబరు తక్కువగా ఉండి దానంతటదే పడిపోతుంటే కొందరిని ఏ మందూ లేకుండా గమనిస్తూ ఉంటారు, నాది పెరుగుతోంది కాబట్టి అది కుదరదు. రెండోది ఇంజెక్షన్. మూడోది ల్యాపరోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్, ఎక్కువగా ఆ ట్యూబునే తీసేస్తారు, రెండో ట్యూబు బాగుంటే ఒకటి తీసేసినా తర్వాత గర్భం వచ్చే అవకాశం పెద్దగా తగ్గదని చెప్పారు. ఇంజెక్షన్ అందరికీ పనికిరాదు. ట్యూబు పగిలి ఉండకూడదు, బీపీ పల్స్ నిలకడగా ఉండాలి, గడ్డ మూడున్నర సెంటీమీటర్లు దాటకూడదు, గుండె చప్పుడు ఉండకూడదు, నంబరు 5000 లోపు ఉండాలి, లివర్, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు బాగుండాలి. వీటన్నిటితో పాటు, నంబరు పూర్తిగా పడిపోయేదాకా ఎన్ని వారాలైనా రక్తపరీక్షలకి వస్తానని ఒప్పుకోవాలి. దూరం ఊరు నుంచి వచ్చి మళ్లీ రాలేనివాళ్లకి దీనికన్నా ఆపరేషనే క్షేమం అన్నారు. మేము వస్తామన్నాం.

ఇంజెక్షన్ పేరు మెథోట్రెక్సేట్. ఫోన్‌లో వెతికితే కేన్సర్ మందు అని వస్తుంది, అమ్మ కంగారు పడిపోయింది. కేన్సర్‌కీ వాడతారు, కీళ్లవాతానికీ వాడతారు, డోసులు వేరు. కణాలు గబగబా విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, ఈ మందు ఆ దారిని మూసేస్తుంది, గర్భం కణాలు పెరగడం ఆగిపోయి శరీరమే మెల్లగా వాటిని కరిగించుకుంటుంది. అందుకే మేడమ్ మొట్టమొదట చెప్పింది నేను వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ ఈ క్షణం నుంచి మానేయమని. బిడ్డ కోసం వేసుకున్న మాత్ర పక్కన పడేసి దానికి సరిగ్గా విరుగుడు మందు ఎక్కించుకోవడం, ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటోంది. ఆ రాత్రి మా ఆయన చెప్పారు, ఈ మందు యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చిందని. 1895లో భీమవరంలోనే పుట్టారాయన. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసే పద్ధతి కనిపెట్టిందీ, దాన్ని అడ్డుకునే ఈ మందు తయారుచేసిందీ ఆయన నడిపిన బృందమే. 1948లో 53 ఏళ్లకే పోయారు. 1982లో జపాన్ డాక్టర్లు దీన్ని మొదటిసారి ఇలాంటి గర్భానికి వాడటం ఆయన చూడనేలేదు. మా అత్తగారి ఊరి మనిషి పని నా దాకా వచ్చి నన్ను ఆపరేషన్ నుంచి తప్పించిందని తలచుకుంటే మనసుకి ధైర్యంగా అనిపించింది. ఆ ఊళ్లో పుట్టే ప్రతి ఆడపిల్లకీ ఆయన పేరు తెలియాలని నా కోరిక.

డోసు ఒంటి వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తారు, చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాములు. ఎత్తు, బరువు చూసి నాకు 80 అన్నారు. సిస్టర్ గ్లౌజులు వేసుకుని తెచ్చారు, మందు పసుప్పచ్చగా ఉంది, ఒకేచోట ఎక్కువవుతుందని రెండు తుంటిలకీ సగం సగం ఇచ్చారు. నొప్పి మామూలు ఇంజెక్షన్ అంతే. ఖరీదు కూడా ఎక్కువేమీ కాదు, పరీక్షలకే ఎక్కువైంది.

ఇక జాగ్రత్తలు. ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలేవీ వద్దు, కొన్నాళ్లు ఆకుకూరలు కూడా తగ్గించమన్నారు, అంటే గోంగూర, పాలకూర, తోటకూర అన్నీ పక్కకి. గ్యాస్ తెచ్చే క్యాబేజీ, శనగల్లాంటివి వద్దు, ఎందుకంటే గ్యాస్ నొప్పికీ అసలు నొప్పికీ తేడా తెలియాలి. నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకూడదు. ఎండలో తిరగకూడదు, చర్మం కమిలిపోతుంది, విజయవాడ ఎండల్లో ఇది మాటలు కాదు, ముఖం చేతులు కప్పుకునే వెళ్లేదాన్ని. బరువులు, కలయిక వద్దు. నాకు రెండు మూడు రోజులు వికారం, నోట్లో చిన్న పుండ్లు, బాగా నీరసం. జుట్టు ఊడలేదు.

ఇంజెక్షన్ రోజు మొదటి రోజుగా లెక్కపెట్టి నాలుగో రోజు, ఏడో రోజు బీటా చేస్తారు. నాలుగో రోజు నాది 1890 వచ్చింది. పెరిగింది! మందు పని చేయలేదని ఇంటిల్లిపాదీ దిగులు పడ్డాం. మేడమ్ మాత్రం ముందే చెప్పానుగా అన్నారు: నాలుగో రోజు పెరగడం మామూలే, కణాలు విడిపోతున్నప్పుడు ఆ హార్మోన్ ఇంకొంచెం రక్తంలోకి వస్తుంది. చూడాల్సింది నాలుగో రోజుకీ ఏడో రోజుకీ మధ్య తేడా, కనీసం 15 శాతం తగ్గాలి. తగ్గకపోతే ఇంకో డోసు, లేదా ఆపరేషన్. ఇది తెలియక నాలుగో రోజు రిపోర్టు పట్టుకుని వేరే హాస్పిటల్‌కి పరిగెత్తేవాళ్లు ఉంటారట.

ఆ రెంటికీ మధ్య ఒక రాత్రి నొప్పి బాగా ఎక్కువైంది. మెలి తిప్పినట్టు. మందు పనిచేసేటప్పుడు ఇలాంటి నొప్పి వస్తుందని చెప్పారు, పగిలినా ఇలాగే వస్తుందని కూడా చెప్పారు, ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం కదా, కారు మాట్లాడుకుని ఎమర్జెన్సీకి వెళ్లాం. బీపీ, పల్స్ బాగున్నాయి, హిమోగ్లోబిన్ తగ్గలేదు, స్కాన్‌లో కొంచెం నీరు తప్ప ఏమీ లేదు. తెల్లారేదాకా ఉంచుకుని గమనించి పంపారు.

అదే రాత్రి పక్క బెడ్‌కి ఒకావిడని తెచ్చారు, ఒళ్లు తెల్లగా పాలిపోయి, పల్స్ అందక. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆపరేషన్ చేయించుకున్న మనిషి. నెల కొంచెం ఆలస్యమైందట, కడుపు నొప్పంటే గ్యాస్ మాత్రలు వేసుకుందట, గర్భం అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ట్యూబు పగిలి కడుపంతా రక్తం. నేరుగా థియేటర్‌కి తీసుకెళ్లారు, రక్తం ఎక్కించారు, బతికింది. దీని గురించి మేడమ్‌ని అడిగాను. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఫెయిలవడం చాలా అరుదు, కానీ ఫెయిలై గర్భం వస్తే దాదాపు మూడోవంతు ట్యూబులోనే ఉంటుందట. మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అంటే మన అమ్మలు, అక్కలు, వదినలు. ఆపరేషన్ అయింది కాబట్టి ఇది రాదు అనుకోకుండా, నెల తప్పి కడుపు నొప్పి ఉంటే ముందు ఒక కిట్ టెస్ట్ చేయించండి, చాలు.

ఏడో రోజు 1490. అంటే 21 శాతం తగ్గింది. మేడమ్ నవ్వుతూ రిపోర్టు మీద టిక్ పెట్టారు. అప్పటి నుంచి వారానికోసారి రక్తం, ఆరొందల్లోకి, తర్వాత రెండొందల లోపుకి, అలా దిగుతూ దిగుతూ 5 కంటే తక్కువకి వచ్చేదాకా. మధ్యలో పీరియడ్‌లా బ్లీడింగ్ కూడా అయింది. నంబరు తగ్గుతోంది కదా అని పరీక్షలు మానేయకూడదు, తగ్గుతున్న టైమ్‌లో కూడా ట్యూబు పగిలే ప్రమాదం కొంత ఉంటుందని చెప్పారు.

ఎందుకొచ్చింది? ఇంతకుముందు ట్యూబ్ ప్రెగ్నెన్సీ వచ్చినవాళ్లకి, ట్యూబుల మీద ఆపరేషన్ అయినవాళ్లకి, పొత్తికడుపు ఇన్ఫెక్షన్లు, ట్యూబులకి టీబీ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకి, పొగతాగేవాళ్లకి, ఐవీఎఫ్‌లో గర్భం వచ్చినవాళ్లకి ఎక్కువ అవకాశం. నాకు వీటిలో ఏదీ లేదు, సగం మందికి ఏదీ ఉండదట. అత్తయ్య గారు ఒకరోజు నెమ్మదిగా అడిగారు, ఆ మధ్య పెళ్లికి బస్సులో వెళ్లొచ్చావు కదా అని. మేడమ్ చేతే చెప్పించాను: ప్రయాణం వల్ల, బరువు వల్ల, తిండి వల్ల గర్భం ట్యూబులో ఇరుక్కోదు, అది అంతకుముందే, ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. ఆ తర్వాత ఆవిడే మిగతా బంధువులకి ఫోన్‌లో ఇదే మాట గట్టిగా చెప్పడం విన్నాను. నాకు ఎంతో ఊరటగా అనిపించింది, ఎందుకంటే "చిన్నదేగా, ఇంకా ప్రాణమే రాలేదుగా" అనేవాళ్లకి సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు. నాకది బిడ్డే. బాధ పడ్డాను, ఇంకా అప్పుడప్పుడు పడుతున్నాను.

మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోమన్నారు, అదీ గడిచింది. ఫోలిక్ యాసిడ్ మళ్లీ మొదలుపెట్టించారు. ఒకసారి వచ్చినవాళ్లలో పదిమందిలో ఒకరికి మళ్లీ రావచ్చు, మిగతావాళ్లలో చాలామందికి తర్వాతి గర్భం గర్భసంచిలోనే నిలుస్తుంది. అందుకని ఈసారి నెల తప్పగానే రెండు రోజుల తేడాతో రెండు బీటాలు, ఆరో వారంలో స్కాన్, నొప్పి ఉన్నా లేకపోయినా. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్‌లో పెట్టుకున్నాను. ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదట ఆ ఫైలే ఇవ్వమని మేడమ్ గట్టిగా చెప్పి పంపారు.